దుబాయ్ ప్యాకేజీ: వైజాగ్‌లో అడ్వాన్సు కట్టేముందు కాగితం ఎలా చదవాలి

ద్వారకానగర్‌లో అడిగినా, గాజువాకలో అడిగినా దుబాయ్ ప్యాకేజీ కాగితం దాదాపు ఒకేలా ఉంటుంది. నాలుగు రాత్రులు, ఐదు రోజులు. మొదటి రోజు దిగడం, సాయంత్రం ధో క్రూజ్, అంటే చెక్క ఓడలో భోజనంతో షికారు. రెండో రోజు సగం పూట సిటీ టూర్, బుర్జ్ ఖలీఫా. మూడో రోజు ఎడారి సఫారీ. నాలుగో రోజు అబుదాబి. ఐదో రోజు షాపింగ్, ఎయిర్‌పోర్ట్ డ్రాప్. ఆఫీసుకీ ఆఫీసుకీ ధర మారుతుంది గానీ, అక్కడ మిమ్మల్ని బస్సెక్కించే పని మామూలుగా దుబాయ్‌లోని లోకల్ ఆపరేటర్‌దే. అందుకే ఎవరు ఎంత తగ్గించారన్నదాని కంటే, కాగితంలో ఏ మాట రాశారు, ఏది రాయకుండా వదిలేశారు అన్నదే ముఖ్యం.

ముందే తీర్పు చెప్పేస్తే: వీసా, హోటల్, సఫారీ ఈ మూడూ ప్యాకేజీలో కొనుక్కోదగ్గవి. సిటీ టూరు, రాత్రి భోజనాలు మాత్రం తీసేయమని చెప్పి, ఆ మేరకు ధర తగ్గించమనండి. మిగతావి మీ ఓపికను బట్టి.

ఐదు రోజులంటే చేతికొచ్చేవి మూడు పూర్తి రోజులే. దిగిన రోజూ, తిరుగు ప్రయాణం రోజూ లెక్కలో ఉంటాయి కానీ మీ చేతిలో ఉండవు. తెల్లవారుజామున దిగితే హోటల్ గది మధ్యాహ్నం రెండు, మూడు గంటల దాకా ఇవ్వరు. సామాను రిసెప్షన్‌లో పెట్టి సోఫాలో కునుకుతీసే కుటుంబాలు ఎప్పుడూ కనిపిస్తాయి. ఎర్లీ చెక్-ఇన్ ఇప్పిస్తామని నోటిమాటగా అంటే కుదరదు, వోచరు మీద రాయించుకోవాలి.

ఇక కాగితం మధ్యలో చిన్న అక్షరాల్లో 'ఎస్ఐసీ' అని ఉంటుంది. సీట్ ఇన్ కోచ్. అంటే బస్సు మీ ఒక్కరిది కాదు, మీకున్నది అందులో సీటు మాత్రమే. ఆ బస్సు పది హోటళ్లు తిరిగి జనాన్ని ఎక్కించుకుంటుంది. మీ హోటల్ వరసలో మొదటిదైతే ముప్పావు గంట ఊరికే తిరుగుతారు, చివరిదైతే వెనక సీటు దక్కుతుంది. చెప్పిన టైముకు లాబీలో లేకపోతే డ్రైవరు కాసేపు చూసి వెళ్లిపోతాడు, ఆ టూరు డబ్బు వెనక్కి రాదు. ఆరుగురు కలిసి వెళ్తుంటే, అందులో పెద్దవాళ్లుంటే, ప్రైవేట్ వ్యానుకు కూడా కొటేషన్ అడగండి. తలసరి తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

హోటల్ విషయంలో నక్షత్రాలను పట్టించుకోకండి, ఏ పేటలో ఉందో చూడండి. మనవాళ్లకు అనువైనవి డేరా, బర్ దుబాయ్. మెట్రో అందుబాటులో ఉంటుంది, పాత బజార్లు పక్కనే. కరామా, మీనా బజార్ వైపు ఆంధ్రా భోజనం, ఇడ్లీ, దోసె దొరుకుతాయి. అల్ బర్షా కూడా ఫర్వాలేదు. జాగ్రత్త పడాల్సింది షార్జా హోటల్ దగ్గర. ధర బాగా తగ్గిందంటే చాలాసార్లు కారణం అదే. దుబాయ్ మెట్రో షార్జా దాకా పోదు. రెండు ఊళ్ల మధ్య ఉదయం, సాయంత్రం ట్రాఫిక్ గంటలు మింగేస్తుంది. దుబాయ్ టాక్సీలో షార్జా వెళ్తే మీటరు మీద ఇంకో 20 దిర్హమ్‌లు (అక్కడి కరెన్సీ) పడతాయి. 'నియర్ మెట్రో' అన్న మాటను నమ్మకుండా, హోటల్ పేరు మ్యాపులో కొట్టి నడక దూరం చూసుకోండి. 700 మీటర్లంటే జనవరిలో నడకే, జూన్‌లో శిక్ష.

హోటల్లో 'టూరిజం దిర్హమ్' అని విడిగా కట్టించుకుంటారు. గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా, హోటల్ స్థాయిని బట్టి. త్రీ స్టార్‌కు 10, ఫోర్ స్టార్‌కు 15. ఇది ఇక్కడి ధరలో సాధారణంగా కలపరు. దీనికితోడు సెక్యూరిటీ డిపాజిట్ అడుగుతారు. అది తిరిగి వస్తుంది, కానీ దిగిన వెంటనే చేతిలో దిర్హమ్‌లు లేకపోతే ఇబ్బంది. భోజనం ప్లానులో 'సీపీ' అంటే టిఫిన్ మాత్రమే, 'ఎంఏపీ' అంటే రాత్రి భోజనం కూడా. సీపీ చాలు. ఎంఏపీలో డిన్నర్ చాలాసార్లు హోటల్లో కాక వేరే రెస్టారెంట్‌లో ఉంటుంది. దానికి మళ్లీ బస్సు, మళ్లీ ఎదురుచూపు, పప్పు, పనీర్, ఓ కోడికూర. కరామాలో అదే డబ్బుకు నచ్చింది తింటారు.

వీసాకు మాత్రం ట్రావెల్ ఆఫీసు నిజంగా పనికొస్తుంది. టూరిస్టు వీసా 30 రోజులది, 60 రోజులది ఉంటాయి. ఐదు రోజులకు 30 రోజులదే సరిపోతుంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితాలు కూడా అడుగుతున్నారు కాబట్టి ఈ రెండూ చేతికి రాకముందే వీసా పెడతామనే ఆఫీసును కొంచెం అనుమానించాల్సిందే. మన జిల్లాల వాళ్లకు అసలు చిక్కు పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు గడిలో ఒక్క మాటే ఉంటే, 2022 నవంబర్ 21 నుంచి యూఏఈ టూరిస్టు వీసా మీద రానివ్వడం లేదు. పాత పాస్‌పోర్టులున్న అమ్మమ్మలు, తాతయ్యల దగ్గర ఇది ఎక్కువగా బయటపడుతుంది. టికెట్లు కొన్నాక తెలిస్తే పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పరుగులు పెట్టాలి. అందుకే అడ్వాన్సు కట్టేముందే ఇంట్లో అందరి పాస్‌పోర్టుల మొదటి పేజీ తీసి చూడండి. గడువు దాటి ఉండిపోతే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా.

బిల్లులో టీసీఎస్ అని ఒక పద్దు కనిపిస్తుంది. అది ఆఫీసు లాభం కాదు, మీ పాన్ మీద జమయ్యే పన్ను. ఎవరి పాన్ ఇచ్చారో వాళ్ల పన్ను జమల పట్టికలో (26ఏఎస్) కనబడుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుకుంటుంది. రిటర్ను వేయని పెద్దవాళ్ల పాన్ ఇచ్చి, తర్వాత ఆ డబ్బు సంగతే మరిచిపోవడం మామూలైపోయింది. రిటర్ను వేసేవాళ్ల పాన్‌తో బిల్లు వేయించుకోండి.

విమానం దగ్గర వైజాగ్ వాళ్ల లెక్క హైదరాబాద్ వాళ్ల లెక్క కాదు. 2025 జూన్‌లో ఇండిగో ఇక్కడి నుంచి అబుదాబికి నేరుగా సర్వీసు మొదలుపెట్టింది. షెడ్యూళ్లు సీజన్‌ను బట్టి మారతాయి కాబట్టి మీ తేదీలకు ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఉంటే ప్యాకేజీ వరసను మార్చమని అడగండి. అచ్చు కాగితంలో అబుదాబి నాలుగో రోజు ఉంటుంది. మీరు దిగేదీ ఎక్కేదీ అబుదాబిలోనే అయితే దుబాయ్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా వచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ మర్నాడు అదే దారిన రావడమంత వృథా ఇంకోటి లేదు. మొదటి రోజో, చివరి రోజో అబుదాబి చూపించి ఎయిర్‌పోర్టుకు చేర్చమనాలి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడక్కపోతే అచ్చు కాగితమే నడుస్తుంది. సొంతంగా వెళ్లాలనుకుంటే దుబాయ్‌లో ఇబ్న్ బతూతా స్టేషన్ నుంచి అబుదాబి బస్‌స్టేషన్‌కు ఈ101 బస్సుంది, టికెట్టు 25 దిర్హమ్‌లు.

హైదరాబాద్ మీదుగా అయితే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నాయా అని అడగండి. విడివిడి టికెట్లయితే శంషాబాద్‌లో సామాను దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. వైజాగ్ విమానం ఆలస్యమైతే రెండో విమానం వాళ్లకు బాధ్యత ఉండదు. అక్టోబర్, నవంబర్‌లలో మనకు తుఫాన్లు, డిసెంబర్, జనవరిలలో దుబాయ్, అబుదాబిలలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు. ఎడారి ఊళ్లో పొగమంచేమిటని నవ్వొద్దు, వెచ్చని గల్ఫ్ నీటి మీది తేమ రాత్రి చల్లారిన ఇసుక మీదికి వచ్చి చిక్కబడుతుంది, విమానాలు ఆగుతాయి. విడి టికెట్లయితే మధ్యలో కనీసం ఆరేడు గంటలు ఉంచుకోవడం మేలు.

సిటీ టూరు ఎందుకు వద్దన్నానంటే, అది సగం కిటికీలోంచి, సగం షాపు ముందు జరిగే వ్యవహారం. పామ్ జుమేరాలో ఫొటో, బుర్జ్ అల్ అరబ్ బయట ఫొటో, తర్వాత ఏదో చాక్లెట్ కొట్టులోనో తివాచీల కొట్టులోనో అరగంట. అదే ఊరిని మెట్రోలో తిరగడం చవక, చల్లన. రెడ్ లైన్ 2009లో, గ్రీన్ లైన్ 2011లో మొదలయ్యాయి. రెండింటికీ డ్రైవరు ఉండడు. యూనియన్, బుర్జుమాన్ స్టేషన్లలో ఒక లైను నుంచి ఇంకోదానికి మారొచ్చు. మెట్రోలో గీకే సిల్వర్ నోల్ కార్డు 25 దిర్హమ్‌లు, అందులో 19 బ్యాలెన్స్. మనిషికో కార్డు, ఒకే కార్డు ఇద్దరు గీకితే కుదరదు. ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితం. ఛార్జీ జోన్లను బట్టి 3, 5, 7.5 దిర్హమ్‌లు. ఎంత దూరం వెళ్లినా 7.5 దాటదు. రోజంతా ఎక్కి దిగేవాళ్లకు 20 దిర్హమ్‌ల డే పాస్ లాభం. ఆదివారం మెట్రో ఉదయం 8కి గానీ మొదలుకాదు, మిగతా రోజులు 5కే.

మనవాళ్లు జరిమానా కట్టేది రెండు చోట్ల. ఒకటి, పిల్లాడి చేతిలో చిప్స్ ప్యాకెట్టు. మెట్రోలో తినడం, తాగడం నిషేధం, 100 దిర్హమ్‌లు. రెండోది, ఆడవాళ్లు, పిల్లల బోగీ. నేల మీద గులాబీ రంగు గీత ఉంటుంది. భార్యాపిల్లల వెంటే కదా అని మగవాళ్లు ఆ గీత దాటి నిలబడితే అక్కడా 100. బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్ స్టేషన్‌లో దిగాక మాల్‌కు దాదాపు 800 మీటర్ల ఏసీ వంతెన మీద నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది ముందే చెప్పాలి. బెల్టులు నడుస్తూనే ఉంటాయి గానీ మధ్యలో నడకా తప్పదు.

పాత ఊరిని క్రీక్ (ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దగ్గర చూడాలి, అక్కడ ఏ ప్యాకేజీ బస్సూ ఎక్కువసేపు ఆగదు. గ్రీన్ లైన్‌లో అల్ గుబైబా దిగి పడవల రేవుకు నడిస్తే అబ్రా దొరుకుతుంది. ఛార్జీ ఒక్క దిర్హమ్. చెక్క పడవ, పక్కలకు గోడల్లేవు. మధ్యలో పొడవుగా బల్ల, దానికి అటూ ఇటూ వీపులు కలిపి నీళ్ల వైపు మొహం పెట్టి కూర్చుంటారు. నడిపే మనిషి నడుమ గుంటలో ఉంటాడు. డబ్బు పడవ కదిలాక అడుగుతాడు, వంద నోటు ఇస్తే మొహం చిట్లిస్తాడు. నాణేలు ముందే సిద్ధం చేసుకోండి. అవతలి గట్టున డేరాలో సుగంధ ద్రవ్యాల సూక్ (బజారు), ఇంకొంచెం నడిస్తే బంగారం సూక్. ఇటువైపు అల్ ఫహీదీలో గాలి గోపురాలున్న పాత ఇళ్లు. ఏసీలు లేని రోజుల్లో గోపురం నాలుగు వైపులా వచ్చే గాలిని పట్టి కింది గదిలోకి దించేది. సాయంత్రం నాలుగు తర్వాత ఈ మొత్తం రెండు మూడు గంటల్లో, మనిషికి పట్టుమని పదిహేను దిర్హమ్‌లు కూడా ఖర్చవకుండా అయిపోతుంది. ఇది చూశాక ధో క్రూజ్ అక్కర్లేదని నా అభిప్రాయం. పిల్లలు పట్టుబడితే క్రీక్ క్రూజ్ కంటే మెరీనా క్రూజ్ ఖరీదెక్కువ, వెలుగులు ఎక్కువ, అంతే తేడా.

బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. ప్యాకేజీలో ఇచ్చేది సాధారణంగా 124, 125 అంతస్తుల టికెట్టు. 148 వేరు, దాని ధరా వేరు. సూర్యాస్తమయం వేళ ప్రైమ్ అవర్, దానికి ఎక్కువ. మీ వోచరు మీద నాన్-ప్రైమ్ అని ఉంటే మధ్యాహ్నం ఎక్కిస్తారు, దుమ్ము మబ్బులో సముద్రం కూడా సరిగా కనబడదు. ఇక్కడ నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టొచ్చు.

ఇప్పుడు సఫారీ. ప్యాకేజీలోని టూర్లలో డబ్బుకు తగ్గ విలువ ఇదొక్కటే ఇస్తుంది, ఎందుకంటే సొంతంగా చేయలేరు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ల్యాండ్ క్రూయిజర్ వస్తుంది. అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఏ ఎడారి?' అని. హత్తా రోడ్డు మీది లహ్బాబ్ వైపైతే దిబ్బలు ఎత్తుగా, ఎర్రగా ఉంటాయి. చవక సఫారీలు ఊరికి దగ్గర్లో పొట్టి దిబ్బల మీద తిప్పి సరిపెడతాయి. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. భీమిలి దారిలో మన ఎర్రమట్టి దిబ్బలకూ అదే రంగునిచ్చింది, కాకపోతే మనవి వానకు కోసుకుపోయి గట్టిపడ్డాయి, అక్కడివి ఇంకా గాలికి కదులుతున్నాయి.

దిబ్బల అంచున డ్రైవరు బండి ఆపి టైర్లలో గాలి వదులుతాడు. 30 పైన ఉన్న పీఎస్ఐని 15 చుట్టుపక్కలకు దించుతాడు. టైరు చదునై ఎక్కువ ఇసుకను పట్టుకుంటుంది, లేకపోతే దిగబడుతుంది. ఆ తర్వాతి పాతిక ముప్పై నిమిషాలూ బండి దిబ్బ శిఖరం మీద ఒక క్షణం ఆగినట్టు ఉండి పక్కకు జారుతుంది. అరకు ఘాట్‌లో వాంతి చేసుకునేవాళ్లు మూడో వరస ఎక్కకూడదు, ముందు సీటు అడగాలి. భోజనం పన్నెండున్నరకల్లా తేలిగ్గా ముగించాలి. గర్భిణులు, నడుం నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ భాగం వదిలేయాలి. వాళ్లను నేరుగా క్యాంపుకు తీసుకెళ్లే బండి ఉందా అని వైజాగ్‌లోనే అడిగి రాయించుకోండి, అక్కడికి వెళ్లాక అడిగితే ఉండదు.

దారిలో ఒక కొట్టు దగ్గర ఆపుతారు. క్వాడ్ బైకు అమ్మేది అక్కడే, అది ప్యాకేజీలో ఉండదు. తలకు గుడ్డ చుట్టి 'ఫొటో, ఫొటో' అని తర్వాత డబ్బు అడుగుతారు. ఒంటె సవారీ అంటే కూర్చోబెట్టి రెండు మూడు నిమిషాల చుట్టు. క్యాంపులో బార్బెక్యూ, శాకాహారానికి వేరే వరస, గిరగిరా తిరిగే తనూరా నాట్యం, నిప్పుతో ఆట. డిసెంబర్, జనవరిలలో పొద్దుగూకగానే చలి పుడుతుంది, స్వెట్టర్ బండిలో ఉంచుకోండి. గోల వద్దనుకుంటే దుబాయ్ డెజర్ట్ కన్జర్వేషన్ రిజర్వ్‌లోకి వెళ్లే సఫారీలున్నాయి, 225 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, అరేబియన్ ఒరిక్స్ (పొడుగు కొమ్ముల జింక లాంటి జంతువు) కనిపిస్తుంది. ఖర్చు బాగా ఎక్కువ, సరుకు కూడా వేరే.

అబుదాబిలో షేక్ జాయెద్ మసీదుకు ప్రవేశం ఉచితమే గానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేయాలి. ఆడవాళ్లకు తల, చేతులు, చీలమండల దాకా కప్పే బట్టలు. చీరకట్టులో నడుము కనబడితే ఆపుతారు, చుడీదార్ మేలు. మగవాళ్లకు నిక్కర్లు కుదరవు. 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన బాప్స్ హిందూ మందిరం చూడాలని పెద్దవాళ్లకు ఉంటుంది. సోమవారం మూసి ఉంటుంది కాబట్టి అబుదాబి రోజు సోమవారం పడకుండా తేదీలు చూసుకోండి, మందిరం పేరు కాగితంలో రాయించండి.

సీజన్ గురించి ఒకే మాట: సంక్రాంతి సెలవులు. వేసవి సెలవుల్లో ధర సగానికి దగ్గరగా కనిపిస్తే దానికి కారణముంది. వైజాగ్ ఉక్కపోతకు అలవాటుపడ్డ ఒళ్లే కదా అనుకుంటారు. అక్కడ నలభై డిగ్రీల పైన ఎండకు సముద్రం తేమ కలుస్తుంది, రాత్రి కూడా దిగదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట పని చేయించడమే అక్కడ నిషేధం. పైగా ఆరుబయట ఉండే గ్లోబల్ విలేజ్ (ఎగ్జిబిషన్), మిరాకిల్ గార్డెన్ (పూలతోట) నడివేసవిలో మూసేస్తారు. ఆ నెలల్లో కూడా కొన్ని కాగితాల్లో వాటి బొమ్మలు ఉంటాయి, చూసుకోండి.

సామానులో గసగసాలు పెట్టొద్దు. మనకు కూరలో వేసే దినుసు, అక్కడ మత్తుపదార్థాల జాబితాలోది, జైలు దాకా వెళ్లిన కేసులున్నాయి. ఇంట్లో ఆడించిన మసాలా పొడిలో అవి ఉంటే ఆ డబ్బా కూడా ఇంట్లోనే ఉండాలి. తమలపాకులు, కిళ్లీ కూడా నిషేధమే. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్, నిద్రమాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మిగతా మందులకు డాక్టరు చీటీ ఇంగ్లీషులో ఉంచుకోండి. ఇంకొకటి, వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ సాధారణంగా కలవవు. ఇంట్లో కంగారు పడకుండా ముందే చెప్పి వెళ్లండి.

చివరి రోజు షాపింగ్ అంటే మనవాళ్లకు బంగారమే. గ్రాము ధర షాపుకూ షాపుకూ మారదు, బేరం ఉండేది మజూరీ దగ్గరే. ఐదు శాతం వ్యాట్‌లో కొంత టూరిస్టులకు తిరిగి ఇస్తారు. ఒక బిల్లు కనీసం 250 దిర్హమ్‌లు ఉండాలి, కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపి టాక్స్-ఫ్రీ ట్యాగ్ వేయించుకోవాలి, కట్టిన వ్యాట్‌లో 85 శాతం నుంచి ట్యాగ్‌కు 4.80 దిర్హమ్‌లు తగ్గించి ఇస్తారు. అయితే మన కస్టమ్స్ లెక్క వేరు. మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల నగల మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే. ఐదు రోజుల టూరిస్టుకు అది వర్తించదు. ఆరు నెలలైనా బయట ఉండనివాళ్లకు సుంకంలో రాయితీ రేటూ ఉండదు. 2024 జూలైలో ఇక్కడ దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గాక ధరల్లో తేడా కూడా సన్నబడింది. ఇంటి నుంచి వేసుకెళ్లిన నగలుంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు వాదన ఉండదు.

వ్యాట్ రీఫండ్ కౌంటర్ దగ్గరకు సామాను చెక్-ఇన్ చేయకముందే వెళ్లాలి, కొన్న వస్తువు చూపించమంటారు. రాత్రి విమానాలకు అక్కడ వరస పెద్దదిగా ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ డ్రాప్ టైము ప్యాకేజీవాళ్లు చెప్పినదానికంటే ఒక గంట ముందుకు జరపమనండి.